దీర్ఘం లేని చేను

మా అమ్మకు చివరిదాకా నా ఉద్యోగం ఏమిటో అర్థం కాలేదు. పక్కింటివాళ్ళు అడిగితే "గవర్నమెంటులో రాళ్ళు చదువుతుందండీ" అని చెప్పి, వాళ్ళ మొహాలు చూసి తనే తలదించుకునేది. "కాలేజీలో పాఠాలు చెప్పుకుంటే ఏం పోయేదే? ఆ ఎండలో రాళ్ళెంట తిరగడమేంటి, ఖర్మ కాకపోతే!" అని నన్ను సాధించేది.

శాసనాలు చదివే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను పట్టుకుని "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. ప్రమోషన్లు, బదిలీలు, టీఏ బిల్లుల గురించి నేను చెప్పను. అవి మీకే బాగా తెలుసు, చేరిన నెలలోనే నేర్చేసుకుంటున్నారు. నేను చెప్పేది ఒక జంట అక్షరం సంగతి. రిటైరై ఇంట్లో కూర్చున్నా, అన్నం తింటూ తింటూ అది గుర్తొచ్చి "హవ్వ!" అంటాను పైకే. మా ఆయన "మళ్ళీ ఆ రాయేనా?" అంటారు.

రాళ్ళ దగ్గర

ఊళ్ళోకి జీపు దిగగానే మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "నిధి ఎక్కడుందండీ?" అని. నవ్వకండి. మీరు నవ్వితే వాళ్ళు నిజంగానే ఉందనుకుంటారు. గుంటూరు దగ్గర ఒక ఊళ్ళో ఒక రైతు ఖాళీ గోతం చంకన పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రందాకా నా వెనకే నిలబడ్డాడు. ఆ రాయి మీద ఉన్నది ఎవరో చెరువు తవ్వించారని మాత్రమే. అదే చెప్పాను. "చదివిందంతా చెప్పారా, కొంత దాచుకున్నారా?" అని అడిగాడు.

వేటపాలెం వైపు ఒకావిడ ఇంటి వెనక బట్టలుతికే బండ శాసనమని తెలిసి వెళ్ళాం. ఆవిడ జీడిపప్పు ఒలిచే పని నుంచి అప్పుడే వచ్చింది. "మా అత్త కాలం నుంచీ దీని మీదే ఉతుకుతున్నాం. ఏనాడూ ఒక్క ముక్క మాట్లాళ్ళా. మీతో ఏం మాట్లాడుద్ది?" అంది. తిప్పి చూస్తే సగం అక్షరాలు లేవు. ఎవరో రాజుగారి బిరుదులన్నీ సబ్బునీళ్ళలో కొట్టుకుపోయాయి. నేను లబోదిబోమంటుంటే ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చి, ఎండదెబ్బ తగిలిందేమోనని నా మొహం మీద నీళ్ళు చల్లింది.

పని పైకి తేలిక. రాయిని కడిగి, తడి కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, మసి అద్ది అచ్చు తీస్తాం. అసలు కష్టం తర్వాతే ఉంటుంది. రాతి మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. కామాలు ఉండవు, ఫుల్‌స్టాపులు ఉండవు. ఒక మాట ఎక్కడ ఆగింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది అనేది మనమే తేల్చుకోవాలి. ఇంకో చిక్కేమిటంటే, ఆ కాలపు రాతలో చాలాచోట్ల 'ఎ'కీ 'ఏ'కీ తేడా చూపించరు. 'చె' అని చెక్కినా, 'చే' అని చదువుకోవాల్సిందేమో చూసుకోవాలి. అంటే దీర్ఘం రాతి మీద ఉండదు, మన బుర్రలో ఉండాలి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

మా సారు

నాకు ఈ పని నేర్పింది మా ఆఫీసు పెద్ద. ఆయన్ను మేమందరం సారు అనే అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. నాకు రిటైర్మెంటు వయసు వచ్చినా ఆయన నన్ను "అమ్మాయ్" అనే పిలిచేవారు. మనిషి నిప్పు. లేని అక్షరాన్ని ఉన్నదని రాస్తే ఆ కాగితాన్ని మొహం మీదే చించేసేవారు. "నీకు కావాల్సింది రాసుకోవడానికి ఇది మీ ఇంటి కిరాణా చీటీ కాదమ్మాయ్" అనేవారు.

జంట అక్షరాల సంగతి చెప్పింది ఆయనే. 'ధర్మ్మము' అని రాతి మీద కనిపిస్తుంది. 'ర' పక్కన హల్లును జంట చేయడం చెక్కేవాళ్ళ చేతి అలవాటు, దానికి అర్థం వెతకొద్దు అనేవారు. అదే మాటకూ మాటకూ మధ్య అతుకు పడేచోట జంట వచ్చిందంటే ఆగిపొమ్మనేవారు. మీరు బళ్ళో త్రిక సంధి చదువుకునే ఉంటారు. ఆ, ఈ, ఏ అనే మూడు చిన్న మాటలు పక్క మాటకు తగిలితే తాము పొట్టివై, పక్క హల్లును జంట చేస్తాయి. ఈ కాలం ఇక్కాలం అవుతుంది, ఈ చోటు ఇచ్చోటు అవుతుంది. పరీక్షకు బట్టీపట్టి మర్చిపోయే సంధి అది. మాకు మాత్రం అన్నం పెట్టే సంధి.

ఒకసారి ఒక సదస్సులో ఎవరో చెప్పగా విన్నాను. సార్డీనియా అని మధ్యధరా సముద్రంలో ఒక దీవి ఉందట. అక్కడి పాత రాతల్లోనూ కొన్నిచోట్ల ఇదే వ్యవహారమట. 'కు' అనీ 'మరియు' అనీ అర్థమిచ్చే చిన్న మాటల తర్వాత, పక్క మాట మొదటి హల్లును జంటగా రాసేవారట. లాటిన్లో ఆ చిన్న మాటల చివర ఉన్న హల్లు పోతూ పోతూ తన బరువు పక్క మాట మీద పెట్టి పోయిందన్నమాట. నేను ఆశ్చర్యపోయి, పరుగున వచ్చి సారుకు చెప్పాను. "ఒంగోలు దాటి రాయి చదవడం రాదు గానీ, సార్డీనియా కావాల్సొచ్చిందా?" అన్నారు. అని, ఒక గంట తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి "ఏ ఏ మాటల తర్వాతో మళ్ళీ చెప్పు" అని అడిగారు. ఆ మనిషి అదీ.

ఆయన తప్పు కూడా చెబుతాను. చేత్తో రాయి తడిమినంతకాలం ఆయన పాఠంలో వేలు పెట్టే మొనగాడు లేడు. మోకాళ్ళు అరిగాక మేం తెచ్చిన మసి అచ్చుల్ని ఆఫీసు బల్ల మీద పరిచి చదవడం మొదలెట్టారు. 'దేవరకు' అని కనపడితే చాలు, కళ్ళు చూసేలోపే చెయ్యి 'ఇచ్చెను' అని రాసేసేది. ఎన్ని వేల దానాలు చదివారో మరి! మేమెవరం నోరెత్తలేదు. తిట్టే బాసుతో వచ్చే నష్టం తక్కువ. తిడతాడని భయపడి అందరూ తలూపే బాసుతోనే వస్తుంది అసలు నష్టం. నేనైతే అలాంటివాళ్ళను చాలామందినే చూశాను.

పేరమ్మ చేను

నా సర్వీసు చివర్లో కనిగిరి వైపు ఒక మెట్ట ఊరి నుంచి కేసు వచ్చింది. ఆ ఊరికి తూర్పున పొలమంతా గుడి మాన్యం. గుడి కమిటీవాళ్ళు దాన్ని కౌలుకిస్తారు. ఆ మాన్యం నడిమధ్యలో ఒక్క చేను మాత్రం పేరమ్మ అనే ఆవిడది, పట్టా కూడా ఆవిడ పేరే ఉంది. భర్త పోయాడు. చేలో పత్తి, గట్టెంట కంది, బోరు కింద కాస్త మిర్చి వేసుకుని ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఆ చేలోనే ఒక మూల శాసనం రాయి నిలబడి ఉంది.

ఎప్పుడో మా సారు పుస్తకంలో అచ్చు వేయించిన ఆ రాయి పాఠం కమిటీ ప్రెసిడెంటు రామకోటయ్యగారి కంట పడింది. సారు చదివింది ఇది: "ఊరి కాపులు తూర్పు పొలమెల్ల దేవరకిచ్చెను. వెలుగుకుగాను పెట్టిరి." కాపులంటే ఆ రోజుల్లో సేద్యం చేసే రైతులు. తూర్పు పొలమంతా దేవుడికిచ్చారు, దీపం వెలుగు కోసం పెట్టారు అని తాత్పర్యం. పొలమంతా అంటే పేరమ్మ చేను కూడా అందులోదే గదా! "దేవుడి భూమి తింటున్నావు" అని కమిటీ అర్జీ పెట్టింది. దాంతో పేరమ్మ చేను అమ్మకానికి లేదు, బ్యాంకులో పెట్టడానికి లేదు. దేవుడిదని తేలితే కట్టుబట్టలతో గట్టు దిగిపోవాలి. విచారణ చేస్తున్న ఆఫీసరుగారు రాయి మీద ఏముందో చూసి చెప్పమని మా ఆఫీసుకు రాశారు. నన్ను పంపారు.

పేరమ్మ నా ఈడుదే. చేతిలో కొడవలితో ఎదురొచ్చింది. "మీరేనా రాళ్ళు చదివే మేడంగారు? చదవండి. చదివి, నేను దొంగనో కాదో మీరే చెప్పండి. మా అత్తా మామా ఈ మట్టిలోనే చచ్చారు. వాళ్ళు కూడా దొంగలేనా?" అంది. కొడవలితోనే రాయి ఉన్న మూల చూపించింది.

రాయి కడిగి, ముందు మసి అచ్చు తీసుకున్నాను. ఏటవాలు ఎండలో అక్షరాలు బాగానే లేచాయి. సారు పాఠం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే వేలితో తడిమాను. 'దేవరకిచ్చెను' దాకా సరిపోయింది. తర్వాత 'వెలుగుకుగాను' లేదు. రాతి మీద ఉన్నది 'వెలిగాను'. సారు, చెక్కినవాడు 'లు'ను 'లి' చేసి, రెండక్షరాలు మరిచిపోయాడనుకుని, తనే సర్దేశారు. లేని అక్షరం రాస్తే కాగితం చించేసే సారు! నాకు మొదటి షాకు అదే.

రెండోది ఇంకా పెద్దది. చివర్న 'పెట్టిరి' అని స్పష్టంగా ఉంది. ఊరి కాపులు పదిమంది కాబట్టి 'పెట్టిరి'. మరి అదే కాపులు 'ఇచ్చెను' ఎలా అంటారు? 'ఇచ్చిరి' అనాలి గదా! ఒకే వాక్యంలో ఒకచోట ఒక్కడై, ఇంకోచోట పదిమంది ఎలా అయ్యారు?

మళ్ళీ ఆ జంట 'చ' మీద వేలు పెట్టాను. చ కింద చ. ఎదురుగా పేరమ్మ, ఆమె వెనక పత్తి చేను. చేను! ఓరి నాయనో, అది 'ఇచ్చెను' కాదు. ఇచ్చేను. ఈ చేను. ఇక్కాలం లాగా, ఇచ్చోటు లాగా. 'వెలి' అంటే వెలివేయడంలోని వెలి, బయట అని; వెలిగాను అంటే బయట ఉండేట్టు. "ఊరి కాపులు తూర్పు పొలమెల్ల దేవరకు ఇచ్చేను వెలిగాను పెట్టిరి." తూర్పు పొలమంతా దేవుడికి పెట్టారు, ఈ చేను తప్ప!

చుట్టూ మాన్యం ఉండి, మధ్యలో ఈ ఒక్క చేను సొంతంగా ఎందుకు మిగిలిందో అప్పుడు అర్థమైంది. ఎందుకు మినహాయించారో రాయి చెప్పలేదు. మినహాయించారని మాత్రం చెప్పింది. దీపం లేదు, వెలుగు లేదు. ఉన్నదల్లా మాటకూ మాటకూ మధ్య ఒక హల్లు బరువెక్కడమే.

పేరమ్మకు చెప్పాను. ఆవిడ గట్టు మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ నా చేలోనే నిలబడి, నా తరఫునే చెబుతోందా ఇది? నేను దీనికి గేదెను కట్టేశాను గదండీ!" అంది. ఏడుస్తూనే నవ్వింది. కాసేపటికి తేరుకుని అడిగింది: "మరి ఆ పెద్దసారు అట్టా ఎందుకు చదివాడు?"

"దీర్ఘం లేదు గదమ్మా. 'చే' అని దీర్ఘం ఉండుంటే ఈ గొడవే రాదు."

"దీర్ఘమంటే యాడుంటది?"

పుల్లతో మట్టిలో రాసి చూపించాను. ఆ రోజుల్లో అది రాసేవాళ్ళు కాదు, లేకపోయినా అర్థం అదే అని కూడా చెప్పాను. ఈ రెండోమాట ఆవిడ చెవికెక్కినట్టు లేదు. మట్టిలో అక్షరం వంకే చూస్తోంది.

గుంటూరులో

సారు అప్పటికి రిటైరై చాలాకాలం. గుంటూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. మసి అచ్చు తీసుకుని నేరుగా వెళ్ళాను. కాఫీ వచ్చింది, చల్లారిపోయింది. ఆయన భూతద్దం దించలేదు.

"నా చెవికి 'ఇచ్చెను' అనే వినపడుతోందమ్మాయ్."

"పెట్టిరి సంగతేంటి సార్?"

"చెక్కే కూలివాడికి ఏకవచనం, బహువచనం నువ్వు నేర్పావా?"

"వెలుగు అని లేదు సార్ అక్కడ. వెలి అనే ఉంది."

"అంటే? నేను లేనిది రాశానంటావా?"

అన్నాను అవునని. ఆయన భూతద్దం బల్ల మీద పెట్టారు. ఆ దీపం మీద ఆయన పెద్ద వ్యాసం రాసి ఉన్నారు. దాన్ని చదివే ఆ గుళ్ళో కార్తీకంలో అఖండ దీపం పెట్టడం మొదలెట్టారు, ఆయన్ను పిలిచి శాలువా కూడా కప్పారు. "విచారణకు కమిటీవాళ్ళు నన్ను రమ్మన్నారు. వస్తాను. రాయి దగ్గరే తేల్చుకుందాం" అన్నారు. లోపల్నుంచి ఆయన కూతురు వచ్చి "ఎండలో ఎందుకు నాన్నా?" అంటే ఆవిడ మీద కేకలేశారు.

నాకు అన్నం పెట్టిన మనిషి ఎదురుపక్షంలో నిలబడబోతున్నారు. మసి అచ్చు చుట్టి చంకన పెట్టుకుని మెట్లు దిగాను.

గోనెపట్టా

ఆఫీసరుగారు స్వయంగా రాయి చూస్తానన్నారు. పొద్దున్నే అందరం చేలో చేరాం. ఆఫీసరుగారు, ఆయన రాతగాడు, రామకోటయ్యగారు, ఆయన వెంట కమిటీ జనం, చేతికర్రతో మా సారు. సారు నన్ను దాటుకుని వెళ్ళి రామకోటయ్యగారి పక్కన నిలబడ్డారు. పేరమ్మ మాత్రం ఉతికిన చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని పెళ్ళివారిలా ఎదురొచ్చింది. రాయి మీద గోనెపట్టా కప్పి ఉంది.

"ఏందమ్మే, రాయికి చలేస్తుందా?" అన్నాడు రామకోటయ్య.

"ఉండండి బాబాయ్, చూద్దురుగాని" అని, నా వంక చూసి ముసిముసిగా నవ్వింది. నాకు ఏదో కీడు తోచింది. గోనెపట్టా లాగేసింది.

ఎన్నో వందల ఏళ్ళనాటి 'చ్చె' నెత్తిన కొత్త దీర్ఘం! లోతుగా, నున్నగా, ఇళ్ళ గేట్ల పక్క పలకల మీద పేర్లు చెక్కినట్టు. అది చాలదన్నట్టు ఆ గీతలో ఎర్రరంగు నింపారు.

"ఏమిటిది?" అన్నారు సారు. రాయిని కాదు, నన్ను చూస్తూ అన్నారు.

పేరమ్మే చెప్పింది. "మేడంగారు చెప్పిన దీర్ఘమే సార్! అది లేకే గదా మీరు తప్పు చదివింది. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కే మస్తాన్‌ను పిలిపించి నిన్న సాయంత్రం కొట్టించాను. పాపం, నా కథంతా విని కూలి కూడా తీసుకోలా. రంగు కూడా ఆయనే ఏశాడు, మీకు బాగా కనపడాలని."

"నువ్వు చెక్కించావా అమ్మాయ్?" అన్నారు సారు. ఇంతకాలం నాకు పని నేర్పిన మనిషి నన్ను ఆ మాట అడగడం ఉందే, దానికంటే చెంపదెబ్బ నయం. "నేను మట్టిలో రాసి చూపించాను సార్, అంతే" అన్నాను.

రామకోటయ్య అప్పటికే ఎగిరి గంతేశాడు. "చూశారా సార్! దొంగ రాత! పట్టపగలు రాయిని దిద్దారు! ఈ రాయిని ఇంక నమ్మడానికి లేదు. రాసుకోండి సార్, నమ్మడానికి లేదని రాసుకోండి!"

"బాబాయ్, దొంగ రాతని అనబాకండి. లేనిది నేనేం పెట్టలా. ఉండాల్సిందే పెట్టాను" అంటోంది పేరమ్మ. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. ఏదో తప్పు జరిగిందని అప్పుడప్పుడే తెలుస్తోంది.

ఆఫీసరుగారు నన్నడిగారు: "మేడమ్, మీరు మొదట చూసినప్పుడు ఈ గీత ఉందా?"

"లేదండి" అన్నాను. పేరమ్మ నా వంక తిరిగి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. గుండె దిటవు చేసుకుని "కానీ అయ్యా, గీత లేనప్పటి అచ్చు నా దగ్గరుంది, అసలు ఆ గీతతో పనే లేదు. జంట చ చూడండి, చివర్న పెట్టిరి చూడండి, త్రిక సంధి ప్రకారం..." అని మొదలెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "మేడమ్, నాకు అచ్చులూ సంధులూ వద్దు. నా ఎదుట ఉన్నది దిద్దిన రాయి. దీన్ని ఆధారంగా తీసుకోను."

"అద్గదీ!" అన్నాడు రామకోటయ్య.

"మీరన్నట్టే రాయించాను. రాయి నమ్మదగింది కాదు, ఎవరికీ చెల్లదు" అన్నారు ఆఫీసరుగారు. "సరే. రాయి పక్కన పెడదాం. ఈ చేను గుడిదనడానికి మీ దగ్గర ఇంకేం ఆధారం ఉంది?"

రామకోటయ్య వెనక్కి తిరిగి తన జనాన్ని చూశాడు. "ఇంకేముంటది సార్? ఈ రాయే."

"ఇప్పుడే గదండీ నమ్మొద్దన్నారు."

ఎక్కిన కొమ్మను నరుక్కునేవాళ్ళ గురించి విన్నాను గానీ, కళ్ళారా చూడటం అదే. ఆఫీసరుగారు పేరమ్మ పట్టా మళ్ళీ తిరగేసి చూసి, "అర్జీ నిలవదు" అని, అక్కడే రాతగాడి చేత రాయించి, జీపెక్కి వెళ్ళిపోయారు. కమిటీ జనం రామకోటయ్య మీద పడి అరుచుకుంటూ ఊరివైపు నడిచారు.

ఎర్రరంగు

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేను దక్కింది. నా చదువుతో కాదు, వ్యాకరణంతో కాదు. మస్తాన్ ఉలితో దక్కింది! పిల్లలూ, మీరు ఎంత సరిగ్గా చదివినా, దాన్ని వినాల్సిన రోజున వినకపోవచ్చు. మనం తలుపు తట్టుతూ నిలబడితే, న్యాయం దొడ్డిదారిన వచ్చి వెళ్ళిపోయిందా రోజు. ఇలా జరుగుతుందని మీకు ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఇంకోమాట. రైతు చేలో రాయి గురించి మాట్లాడేటప్పుడు నోరు జాగ్రత్త. అక్కడ అక్షరం అంటే వాళ్ళకు బువ్వ. లేదన్నారా, తెచ్చి పెట్టేస్తారు.

పేరమ్మకు చేను దక్కిందని ఇంకా బుర్రకెక్కలేదు. సారు మొహం చూసి హడలిపోయింది. ఆయన కోపంతో ఊగిపోతున్నారు. "శాసనం! శాసనం మీద ఉలి పెట్టిస్తావా నువ్వు? ఇది నీ ఇంటి గుమ్మమా?" అన్నారు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. "నాకు తెలవదు సార్. తప్పయితే చెరిపిస్తాను. మళ్ళీ మస్తాన్‌ను పిలుస్తాను" అంది. చెరిపిస్తుందట! నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

సారు కర్ర నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని, ఆ అరిగిన మోకాళ్ళ మీద రాయి ముందు కూర్చున్నారు. అచ్చు చూసి పాఠం రాసిన మనిషి, అసలు రాయిని తాకడం అదే మొదటిసారి. వేలు పెట్టి పైకే చదవడం మొదలెట్టారు, నాకు మొదట్లో నేర్పినట్టే. ఊరి. కాపులు. తూర్పు పొలమెల్ల. దేవరకు. అక్కడ ఆగి, జంట చ కిందిదాకా వేలు దించి, దాటి వెళ్ళారు. వెలి. మళ్ళీ వెనక్కి వచ్చారు. వెలి. గాను. పెట్టిరి. పెట్టిరి దగ్గర చాలాసేపు ఆగిపోయారు.

"చెరిపించమంటారా సార్?" అంది పేరమ్మ, బిక్కచచ్చిపోయి.

"వద్దు తల్లీ" అన్నారు సారు. నా చెవుల్ని నేను నమ్మలేదు. లేని సున్నా రాస్తే కాగితాలు చించిన ఆ మనిషి, ఆ దొంగ గీత మీద వేలు పెట్టి మెల్లగా చెప్పారు. "ఇక్కడ దీర్ఘమే. మొదట్నుంచీ దీర్ఘమే. నేనే చదవలేదు."

రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, ఆయన వేలికి అంటింది. పేరమ్మ గబగబా కొంగు అందించింది. ఆయన తుడుచుకోకుండానే వచ్చి జీపులో కూర్చున్నారు.